చూసినది చూసినట్టు రాయడం: విశాఖలో స్వచ్ఛంద ప్రకృతి పరిశీలకులకు శిక్షణ ఇచ్చే పద్ధతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకిన తర్వాత వీధి వీధినా కూలిపోయిన చెట్లను చూసి ఊరంతా బాధపడింది. అప్పటికే మా చిన్న మిత్రబృందం ఎన్నో ఆదివారాలు కంబాలకొండ అభయారణ్యపు దారుల్లోనూ, ముడసర్లోవ జలాశయపు గట్టు మీదా పక్షులను చూస్తూ గడిపింది. అయినా మన వీధుల్లో ఏ జాతి చెట్లు ఎన్ని ఉండేవి, వాటిలో ఏవి పడ్డాయి, ఏవి గాలికి ఓర్చుకుని నిలిచాయి అని ఎవరైనా అడిగితే చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. అందరికీ జ్ఞాపకాలు ఉన్నాయి గానీ ఎవరి దగ్గరా లెక్కలు లేవు. ఆ లోటు తెలిసిన తర్వాతే మేము చూడడాన్నీ రాయడాన్నీ ఒకే పనిగా నేర్చుకోవడం, ఇతరులకు నేర్పడం మొదలుపెట్టాం. కాలనీ సంఘంలోనో, కళాశాలలోనో, జాలరిపేటలోనో పది మందిని కూడగట్టి ప్రకృతి పరిశీలకులుగా తీర్చిదిద్దాలనుకునేవారి కోసం ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. పేర్లు ఎన్ని తెలుసు అన్నదాని కంటే, రాసినది ఎంతవరకు నమ్మదగినది అన్నదే పరిశీలకునికి కొలమానమని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ శిక్షణ అంతా నోటుపుస్తకం చుట్టూనే తిరుగుతుంది.

ముందు ప్రశ్న, తర్వాత మనుషులు

ఎవరినైనా పిలిచే ముందు, మీరు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. "విశాఖ జీవవైవిధ్యాన్ని నమోదు చేద్దాం" అన్నది ఆశయం మాత్రమే, దానితో రేపు ఉదయం ఎక్కడికి వెళ్లాలో, ఏం లెక్కపెట్టాలో తెలియదు. "తెన్నేటి పార్కు కింద ఉన్న రాళ్ల మీద ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ ఏయే జీవులు కనిపిస్తున్నాయి?" అన్నది ప్రశ్న. "మా కాలనీలోని ఈ ఇరవై చెట్లు ఏ వారంలో చిగురిస్తున్నాయి, ఏ వారంలో పూస్తున్నాయి?" అన్నదీ ప్రశ్నే. ప్రశ్న చిన్నదైతే శిక్షణ సులువవుతుంది, వచ్చినవారికి తమ పని ఏమిటో మొదటి రోజే అర్థమవుతుంది.

ప్రశ్న కుదిరిన తర్వాత, ఆ సమాచారం చివరికి ఎక్కడికి చేరాలో నిర్ణయించుకోండి. మన నోటుపుస్తకంలోనే మిగిలిపోయే లెక్క పరిశోధకులకు అందదు. పక్షులకైతే కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల 2002లో ప్రారంభించిన ఈ-బర్డ్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. మిగిలిన జీవులకు ఐ-నాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉన్నాయి, ఈ రెండూ 2008లో మొదలైనవే. చెట్ల చిగుళ్లు, పూత, కాపు వారం వారం నమోదు చేయడానికి సీజన్‌వాచ్ ఉంది. వీటికి ఇప్పటికే పరీక్షకు నిలిచిన పద్ధతులు ఉన్నాయి కాబట్టి సొంత ఫారం తయారుచేసుకోవాలన్న ఉత్సాహాన్ని మొదటి ఏడాది అదుపులో పెట్టుకోవడం మంచిది. 2023లో వెలువడిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతుల పక్షుల స్థితిని అంచనా వేయగలిగింది. ముప్పై వేల మందికి పైగా పక్షి పరిశీలకులు ఒకే పద్ధతిలో ఈ-బర్డ్‌కు పంపిన చెక్‌లిస్టులే, అంటే ఒక్కోసారి చూసిన పక్షుల జాబితాలే, దానికి ఆధారం. ముడసర్లోవలో మీరు గడిపే ఒక ఉదయం కూడా అందులో చేరగలదు, అయితే పద్ధతి పాటించి రాసినప్పుడే.

ఆ పద్ధతిలో ముఖ్యమైనది పూర్తి చెక్‌లిస్టు. గుర్తుపట్టగలిగిన ప్రతి పక్షినీ, అందులో కాకినీ, గోరింకనీ, పావురాన్నీ కూడా వదలకుండా రాయడమే పూర్తి చెక్‌లిస్టు. కొత్తగా వచ్చినవారు పొన్నంగి పిట్ట కనిపిస్తే రాస్తారు గానీ కాకిని రాయరు. అందరూ అలాగే చేస్తే, ఒక వీధిలో పిచ్చుక కనిపించకుండా పోయిన ఏడాది ఏదో ఎప్పటికీ తేలదు. లేకపోవడం కూడా సమాచారమేనన్న సంగతి శిక్షణలో ఒక్కసారి చెబితే సరిపోదు, ప్రతి వారం గుర్తు చేయాలి.

ఎవరిని చేర్చుకోవాలి

ఒక విడతకు పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. ఆరుగురికి ఒక అనుభవజ్ఞుడు ఉండేలా చూడండి, అంతకు మించితే వెనుక నడిచేవారికి ఏమీ కనిపించదు, ఏమీ వినిపించదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, సముద్ర జీవవనరుల విభాగాల విద్యార్థులు సహజంగానే ముందుకు వస్తారు. వారితో పాటు పదవీ విరమణ చేసినవారిని, గృహిణులను, సముద్రం మీద బతికేవారిని తప్పకుండా కలుపుకోవాలి. పదవీ విరమణ చేసినవారు క్రమం తప్పకుండా వస్తారు, అదే ఈ పనికి అన్నిటికంటే అవసరమైన గుణం. జాలరులను శ్రోతలుగా కాకుండా గురువులుగా పిలవండి, వారి సమయానికి గౌరవ వేతనం ఇవ్వండి. ఏ గాలికి ఏ చేప ఒడ్డుకు వస్తుందో, ఏ నెలలో తాబేళ్లు వలల్లో పడుతుంటాయో వారు చెప్పే మాటలకు సాటి వచ్చే పాఠం మన దగ్గర లేదు.

ఫారాలు, సూచనలు తెలుగులోనే ఉండాలి. శాస్త్రీయ నామాలు అవసరమైనప్పుడు పక్కన తెలుగు లిపిలో రాయవచ్చు. ఇంగ్లీషు రాదన్న కారణంతో మంచి కన్ను ఉన్న మనిషి వెనుదిరిగి వెళ్లిపోవడం నేను చూశాను, అది మా తప్పు.

మొదటి వారం: ఒక చెట్టు, ఇరవై నిమిషాలు

మొదటి రోజు బైనాక్యులర్లు, ఫోన్లు సంచిలోనే ఉంచమనండి. ఒక్కొక్కరికీ ఒక చెట్టును అప్పగించి, ఇరవై నిమిషాలు దాని దగ్గరే కూర్చుని పేరు రాయకుండా దానిని వర్ణించమనండి. నిబంధన ఒక్కటే, చూసినది మాత్రమే రాయాలి, ఊహించినది రాయకూడదు. "ఆకులు వాడిపోయాయి" అన్నది అభిప్రాయం. "కింది కొమ్మల్లో ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి, పై కొమ్మల్లో లేత ఆకుపచ్చ చిగుళ్లు ఉన్నాయి" అన్నది పరిశీలన.

ఒకసారి సాగర్‌నగర్ దగ్గర ఒక కానుగ చెట్టు కింద కూర్చున్న గృహిణి తన కాగితం మీద ఇలా రాశారు: "ఆకు మీద బుడిపెలు ఉన్నాయి. ఒక దాన్ని గోరుతో గిల్లాను. లోపల ఖాళీగా ఉంది. పక్క ఆకు మీద పదకొండు లెక్కపెట్టాను. బుడిపెలు ఎందుకు వస్తాయో నాకు తెలియదు." పక్కనే ఉన్న జంతుశాస్త్ర విద్యార్థి మాత్రం కానుగ శాస్త్రీయ నామం, దాని కుటుంబం, ఉపయోగాలు రాశాడు, ఆకుల మీది బుడిపెలను చూడలేదు. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి అందరికీ చదివి వినిపించాను. ఆమె చివరి వాక్యం ఆ రోజు పాఠానికి ప్రాణం పోసింది. "తెలియదు" అని సంకోచం లేకుండా రాయగలిగినవారి లెక్కను నేను నమ్ముతాను. ఆ మాట రాయడానికి భయపడేవారు ఎప్పుడో ఒకప్పుడు చూడని పక్షిని కూడా రాస్తారు.

ప్రతి నమోదులోనూ తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, స్థలం, నడిచిన దూరం, వాతావరణం, ఎంతమంది చూశారు అన్నవి పరిశీలన కంటే ముందే రాసే అలవాటు చేయించండి. చివర్లో రాద్దామనుకుంటే మరిచిపోతారు. పెన్సిలే వాడమనండి, చెమటకూ సముద్రపు తుంపరకూ సిరా చెదిరిపోతుంది.

లెక్కపెట్టడం విడిగా నేర్పవలసిన విద్య. ఒక పళ్లెంలో గుప్పెడు శనగలు పోసి, అయిదు సెకన్లు చూపించి, గుడ్డ కప్పి, ఎన్ని ఉన్నాయో రాయమనండి. ఎక్కువమంది అసలు సంఖ్య కంటే బాగా తక్కువ రాస్తారు. తర్వాత పది గింజలు ఒక గుంపుగా ఎంత చోటు ఆక్రమిస్తాయో కంటికి అలవాటు చేసి, అలాంటి గుంపులు ఎన్ని ఉన్నాయో లెక్కించమనండి. నాలుగైదు సార్లు చేసేసరికి అంచనాలు చాలా దగ్గరికి వస్తాయి. చెరువు మీద ఒక్కసారిగా లేచిన బాతుల గుంపును లెక్కించేటప్పుడు ఈ పళ్లెమే అక్కరకు వస్తుంది.

పక్షుల పేర్లు రెండో వారం నుంచి, అది కూడా జంటలుగా నేర్పండి. చిన్న తెల్లకొంగకు నల్లని ముక్కు, పసుపు పాదాలు ఉంటాయి, పశువుల వెంట తిరిగే కొంగకు ముక్కే పసుపు. ఒకదానిని మరొకదానితో పోల్చి నేర్చుకున్నది నిలుస్తుంది, విడివిడిగా వంద పేర్లు బట్టీ పట్టినది నిలవదు.

ఫోటో సాక్ష్యం కావాలి

అందమైన ఫోటోకూ పనికొచ్చే ఫోటోకూ తేడా ఉంది. మొక్కకైతే ఆకు పైవైపు, అడుగువైపు, కాండం, పువ్వు లేదా కాయ, మొత్తం మొక్క ఎలా నిలబడి ఉందో చూపే ఒక దృశ్యం కావాలి. సీతాకోకచిలుకకు రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ కావాలి. గవ్వకైతే వీపుతో పాటు నోరున్న వైపు కూడా కావాలి. ఐ-నాచురలిస్ట్‌లో తేదీ, స్థలం, ఫోటో లేదా శబ్దం ఉండి, గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తేనే ఆ నమోదు రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకు పనికొచ్చే స్థాయి, అందుకుంటుంది. యాప్ సూచించే పేరును సూచనగానే తీసుకోవాలని శిక్షణలో గట్టిగా చెప్పండి. జాతి తేల్చలేకపోతే "పీత" అని, "తుమ్మెద" అని ఆపేయడంలో తప్పు లేదు, తెలిసినవారు ఆ తర్వాత ముందుకు తీసుకువెళతారు.

ఒక్క జాగ్రత్త. అలుగు వంటి దొంగవేటకు గురయ్యే జంతువుల జాడలు, పక్షుల గూళ్లు కనిపించిన చోటును ఎవరికీ తెలిసేలా పెట్టకూడదు. ముప్పులో ఉన్న చాలా జాతుల స్థలాన్ని ఐ-నాచురలిస్ట్ తనంతట తానే మరుగుపరుస్తుంది, కానీ వాట్సాప్ గ్రూపు మరుగుపరచదు.

ఆటు సమయంలో రాళ్ల మీద

విశాఖ పరిశీలకులకు దక్కిన అరుదైన బడి ఈ రాతి తీరం. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట, యారాడ, ఎక్కడ చూసినా నీరు తగ్గగానే రాళ్ల మధ్య గుంటల్లో సముద్ర పువ్వులు, సముద్రపు ముళ్లకాయలు, ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే పీతలు కనిపిస్తాయి. మన దగ్గర ఆటుపోట్ల మధ్య ఎత్తు తేడా పెద్దది కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనే అది ఒకటిన్నర మీటరు దగ్గరికి వస్తుంది, అష్టమి ప్రాంతంలో బాగా తగ్గిపోతుంది. కాబట్టి నడక తేదీని ఆదివారాన్ని బట్టి కాక తిథిని బట్టి నిర్ణయించండి. నీరు అన్నిటికంటే తగ్గే సమయానికి గంట ముందు చేరి, నీరు మళ్లీ ఎక్కడం మొదలుకాగానే బయటికి వచ్చేయాలి.

ఇది నష్టపోయి నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది మేము తేదీ, జీవుల సంఖ్య రాశాం గానీ, ఆటు సమయానికి ఎంత ముందు, ఎంత తర్వాత చూశామో రాయలేదు. కొన్ని నెలల్లో లెక్కలు ఎక్కువగా, కొన్ని నెలల్లో తక్కువగా కనిపించేసరికి రుతువుల ప్రభావమని సంబరపడ్డాం. తీరా ఆటుపోట్ల పట్టిక పక్కన పెట్టి చూస్తే, నీరు తగ్గినప్పుడు వెళ్లిన రోజుల్లో ఎక్కువ, నీరు నిండి ఉన్నప్పుడు వెళ్లిన రోజుల్లో తక్కువ అని తేలింది. పన్నెండు నెలల శ్రమలో పోల్చి చూడడానికి పనికొచ్చినది దాదాపు ఏమీ లేకపోయింది.

ఇప్పుడు మేము వాడే సాధనం చాలా సాదాది. అర మీటరు భుజంతో పీవీసీ పైపు చతురస్రం చేసి, లోపల నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు దారాలు కడితే ఇరవై అయిదు గడులు వస్తాయి. ఒక్కో గడి విలువ 4 శాతం. నాచు ఎన్ని గడులు కప్పింది, రాతిని అంటుకుని ఉండే బార్నకిల్స్ ఎన్ని గడుల్లో ఉన్నాయి అని లెక్కిస్తే ఎంత శాతమో వెంటనే తెలుస్తుంది. పైపులో ఇసుక నింపితే అది నీటిలో తేలిపోకుండా ఉంటుంది. చతురస్రాన్ని ఎక్కడ పెట్టాలో మన కన్ను నిర్ణయించకూడదు, ఎందుకంటే కన్ను ఎప్పుడూ జీవులు ఎక్కువగా ఉన్న చోటికే పోతుంది. ముడులు వేసిన యాభై మీటర్ల తాడు పరిచి, చీట్లు తీసి, వచ్చిన అంకె దగ్గర పెట్టండి. అక్కడ వట్టి రాయే ఉంటే, వట్టి రాయి అనే రాయండి.

ఒకే చతురస్రాన్ని ఇద్దరు మాట్లాడుకోకుండా విడివిడిగా లెక్కించడం శిక్షణలో తప్పనిసరి. మొదట్లో ఇద్దరి అంకెలూ చాలా దూరంగా ఉంటాయి. ఎవరు తప్పు అని కాకుండా, ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరినీ కలిసి వెతకమనండి. ఒకరు చనిపోయిన గుల్లలను కూడా లెక్కించి ఉంటారు, మరొకరు గీత మీద ఉన్నవాటిని వదిలేసి ఉంటారు. ఆ తేడాల నుంచే మీ బృందపు నియమాలు పుడతాయి, వాటిని ఫారం వెనుక అచ్చు వేయించండి.

రాయిని తిప్పితే, తిప్పినట్టే మళ్లీ పెట్టాలి, లేకపోతే దాని అడుగున నీడలో బతికేవి ఎండకు చచ్చిపోతాయి. గవ్వలు, శంఖాలు ఏరి ఇంటికి తీసుకువెళ్లనివ్వకండి. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. శంకువు ఆకారపు నత్తను ప్రాణంతో ఉండగా ఎప్పుడూ ముట్టుకోకూడదు, దాని కాటు విషపూరితం. వలల నుంచి ఒడ్డున పడిన పాముకు తెడ్డులా చదునైన తోక ఉంటే అది సముద్రపు పాము, దానికి దూరంగా ఉండాలి. నీలిరంగు గాలిబుడగలా కనిపించే జీవి ఇసుక మీద చచ్చి పడి ఉన్నా దాని దారాలు కుడతాయి.

తాబేళ్ల కాలం

శీతాకాలం నుంచి వేసవి మొదలు వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక తీరాలకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో సాధారణంగా నూరు నుంచి నూట ఇరవై గుడ్లు ఉంటాయి, నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఈ పనికి అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరినీ తీసుకువెళ్లకూడదు, గుడ్లను తవ్వి తరలించడం స్వచ్ఛంద సేవకుల పని కానే కాదు. మన వంతు పని తెల్లవారుజామున నడిచి, ఇసుక మీద జాడలు, గూళ్లు, చనిపోయిన తాబేళ్లు ఎక్కడ ఉన్నాయో రాసి, అటవీ సిబ్బందికి తెలియజేయడం. చనిపోయిన తాబేలు దొరికితే వీపు చిప్ప పొడవును కొలత టేపుతో ఒంపు వెంట కొలిచి, ఫోటో తీసి, వలదారాలు చిక్కుకుని ఉన్నాయేమో చూసి రాయాలి. నిన్న రాసినదానినే ఈ రోజు మళ్లీ లెక్కించకుండా స్థలాన్ని సరిపోల్చుకోవాలి.

ఫ్లాష్, తెల్లని టార్చి నిషిద్ధం. పిల్లలు వెలుతురున్న దిక్కును సముద్రమనుకుని నడుస్తాయి, బీచ్ రోడ్డు దీపాలే వాటిని దారి తప్పించడానికి చాలు.

భద్రత, అనుమతులు

విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. నౌకాదళ స్థావరాల వైపు, ముఖ్యంగా డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల, బైనాక్యులర్లు గానీ పెద్ద లెన్సు కెమెరాలు గానీ తిప్పకూడదని, డ్రోన్ల మాటే ఎత్తకూడదని మొదటి రోజే చెప్పండి. గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. కంబాలకొండ అభయారణ్యంలో సందర్శకులకు తెరిచిన భాగం దాటి వెళ్లాలంటే అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. కొండ దారుల్లో బూట్లు తప్పనిసరి. పాము కాటేస్తే గాటు పెట్టకుండా, తాడు బిగించకుండా, కదలనివ్వకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. సముద్రానికి వీపు చేసి ఎవరూ నిలబడకూడదు. రాళ్ల మీద పని జరుగుతున్నంతసేపూ ఒకరు ఏమీ లెక్కించకుండా అలలనే చూస్తూ ఉండాలి, ఈ బాధ్యతను వంతులవారీగా మార్చండి. మైనర్లు ఉంటే తల్లిదండ్రుల అంగీకార పత్రంతో పాటు కనీసం ఇద్దరు పెద్దలు వెంట ఉండాలి.

శిక్షణ తర్వాత

ఎనిమిది వారాల శిక్షణ చివర పేర్ల పరీక్ష పెట్టకండి. ఒక కొత్త చోటికి తీసుకువెళ్లి, గంటసేపు ఒంటరిగా వదిలి, నింపి తెచ్చిన ఫారాన్ని చూడండి. మరొకరు ఆ కాగితం పట్టుకుని అదే చోటికి, అదే సమయానికి వెళ్లి అదే పనిని మళ్లీ చేయగలిగితే ఆ పరిశీలకుడు సిద్ధమైనట్టే. తర్వాత ప్రతి ఒక్కరికీ ఒక చోటు అప్పగించండి, ఇంటి నుంచి నడిచి చేరగలిగేంత దగ్గరగా ఉండాలి. నెలకు ఒక్కసారి అరకు వెళ్లేవారి కంటే, వారం వారం తన వీధి చివరి రేల చెట్టును చూసేవారి నమోదు కాలక్రమంలో ఎక్కువ విలువైనదవుతుంది.

సేకరించినదాన్ని తిరిగి చెప్పకపోవడం వల్లనే చాలామంది మానేస్తారు. మూడు నెలలకొకసారి ఒక పేజీ తెలుగులో రాసి, కాలనీ నోటీసు బోర్డు మీద, జాలరిపేటలో అందరూ కూర్చునే చోట అతికించండి. మేము అలా అతికించిన ఒక కాగితం ముందు ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి, "ఈ పీతని మేం ఇలా పిలవం బాబూ, పేరు తప్పు రాశారు" అన్నారు. "సరే తాతా, మీరు చెప్పండి, దిద్దుకుంటాం" అని అక్కడికక్కడే పెన్సిలుతో సరిదిద్దాం. మరుసటి అమావాస్యకు ఆయనే మనవణ్ణి వెంటబెట్టుకుని రాళ్ల దగ్గరికి వచ్చారు.

మూడో విడత నుంచి పాతవారినే ముందు నడవనివ్వండి. మీరు వరుసలో చివరన నిలబడి, మీ లెక్కను మీరు విడిగా రాసుకోండి. నడక ముగిశాక ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ వచ్చిందో కొత్తవారి ఎదుటే వెతకండి.